విశ్వవిద్యాలయం సబ్జెక్టుల హద్దులు దాటి ఎందుకు బోధించాలి? అశోకుడి శాసనాల నుంచి సి.ఆర్. రావు దాకా

అశోకుడి శాసనాలను ఆధునిక కాలంలో తొలిసారి చదివింది ఎవరు? ప్రిలిమ్స్‌కి సిద్ధమవుతున్న ఎవరైనా టక్కున చెబుతారు: జేమ్స్ ప్రిన్సెప్, 1837. మరి ఆయన ఉద్యోగం ఏమిటి? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆయన చరిత్ర ప్రొఫెసర్ కాదు. కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యత పరీక్షించే అధికారి.

ఇంకో ప్రశ్న. మస్కి శాసనం ఎందుకు ముఖ్యం? అశోకుడి పేరు నేరుగా కనిపించిన తొలి శాసనం అది. దాన్ని 1915లో కనుగొన్నది ఎవరు? బీడన్ అనే బంగారు గనుల ఇంజనీర్. కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాలను 1920ల చివర్లో గుర్తించింది కూడా చరిత్రకారుడు కాదు, ఒక భూగర్భ శాస్త్రవేత్త.

ఒక్క అశోకుడి కథలోనే ఇంతమంది 'బయటివాళ్లు' ఉన్నారు. సబ్జెక్టుల హద్దులు దాటి చదవడం గురించి ఎస్సే పేపర్లో రాయాల్సి వస్తే, మనలో చాలామంది నలంద దగ్గర మొదలుపెట్టి జాతీయ విద్యా విధానం 2020 దగ్గర ముగిస్తాం. మధ్యలో పదమూడు వందల ఏళ్లు ఖాళీ. ఆ ఖాళీలో జరిగినదాన్నే ఈ వ్యాసంలో చూద్దాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: మన దేశంలో హద్దులు దాటి జరిగిన గొప్ప పని చాలావరకు అదృష్టం కొద్దీ జరిగింది. దాన్ని అదృష్టానికి వదిలేయకుండా చూడటమే విశ్వవిద్యాలయం పని.

1. టంకశాల నుంచి సాంచి దాకా

ప్రిన్సెప్ విజయాన్ని 'మేధస్సు' అని ఒక్క మాటలో తేల్చేయకండి. పద్ధతి చూడండి. కొలవడం, పోల్చడం, పట్టిక వేయడం ఆయన రోజువారీ పని. నాణేల మీద ఆసక్తి ఆయన్ని ఒకవైపు గ్రీకు, మరోవైపు భారతీయ లిపి ఉన్న ఇండో-గ్రీక్ నాణేల దాకా తీసుకెళ్లింది. ఆ తర్వాత సాంచి స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె మీది చిన్న చిన్న శాసనాల నకళ్లు ఆయన చేతికి వచ్చాయి. దాదాపు అన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయి.

మన ఊరి గుడిలో ఫ్యాను రెక్కల మీద, ట్యూబ్‌లైట్ల మీద దాతల పేర్లు రాసి ఉంటాయి కదా? ప్రిన్సెప్‌కి తట్టింది సరిగ్గా అదే. ఇవి దాతల పేర్లు అయితే, చివరి మాట 'దానం' అయి ఉండాలి. ఆ అక్షరాలు పట్టుకుని మిగతా లిపిని విప్పారు. సంస్కృతం, పాళీ తెలిసిన పండితులు సాయం చేశారు. శాసనాల్లోని 'పియదసి' ఎవరన్నది మాత్రం కలకత్తాలో తేలలేదు. శ్రీలంకలో సివిల్ సర్వీస్ అధికారిగా ఉన్న జార్జ్ టర్నర్, అక్కడి పాళీ గ్రంథాల ఆధారంగా అది అశోకుడేనని చెప్పారు.

లోహ పరీక్ష, నాణేలు, లిపి, బౌద్ధ సాహిత్యం, సింహళ చరిత్ర. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ తలుపు అప్పుడే తెరుచుకునేది కాదేమో. అవన్నీ కలిసిన చోటు ఏషియాటిక్ సొసైటీ. విశ్వవిద్యాలయం కాదు. 1837 నాటికి మన దేశంలో ఆధునిక విశ్వవిద్యాలయం ఒక్కటి కూడా లేదు.

2. పరీక్షల కోసం పుట్టిన విశ్వవిద్యాలయం

1854 వుడ్స్ డిస్పాచ్, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు. తేదీలు మీకు తెలిసినవే. వాటి స్వభావం మీద మాత్రం మన నోట్సులో రెండు వాక్యాలకు మించి ఉండదు. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడిన ఈ మూడూ మొదట్లో పాఠాలు చెప్పేవి కావు. కాలేజీలకు అనుబంధం ఇచ్చేవి, పరీక్షలు పెట్టేవి, డిగ్రీలు ఇచ్చేవి. అంతే.

దీని ఫలితం ఆలోచించండి. పరీక్ష పెట్టే సంస్థకు ముందుగా కావాల్సింది స్పష్టమైన హద్దు. ఏది సిలబస్‌లో ఉంది, ఏది లేదు, ఎవరు దిద్దుతారు, ఎన్ని మార్కులు. రెండు సబ్జెక్టుల మధ్య నిలబడే ప్రశ్నకు అక్కడ చోటు ఉండదు, ఎందుకంటే ఆ పేపరు దిద్దేవాళ్లు ఉండరు. సబ్జెక్టుల మధ్య గోడలన్నీ జ్ఞానం స్వభావం వల్లే లేచినవి కావు. కొన్ని పరీక్షల నిర్వహణ కోసం లేచాయి.

1904 భారత విశ్వవిద్యాలయాల చట్టం తర్వాత బోధనకు, పరిశోధనకు వీలు పెరిగింది. దాన్ని గట్టిగా వాడుకున్నది అశుతోష్ ముఖర్జీ. ఆయన గణితవేత్త, వృత్తిరీత్యా హైకోర్టు న్యాయమూర్తి, 1906 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్. ఆ విశ్వవిద్యాలయంలో 1918లో ప్రాచీన భారత చరిత్ర-సంస్కృతి విభాగం, 1920లో ఆంత్రోపాలజీ విభాగం వచ్చాయి. 'ప్రాచీన భారత చరిత్ర' అనే విభాగంలో శాసనం, నాణెం, భాష, కళ ఒకే కప్పు కిందకు చేరాయి. దారి మొదలైంది. కానీ అది ఒక వ్యక్తి పట్టుదల మీద ఆధారపడిన దారి.

3. ఒక భౌతిక శాస్త్రవేత్త, ఒక నిరుద్యోగి

అదే కలకత్తాలో ప్రెసిడెన్సీ కాలేజీలో పి.సి. మహలనోబిస్ ఫిజిక్స్ చెప్పేవారు. కేంబ్రిడ్జ్ నుంచి తిరిగి వస్తూ 'బయోమెట్రికా' పత్రిక సంపుటాలు వెంట తెచ్చుకున్నారు. 1920 నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో జువలాజికల్ సర్వే డైరెక్టర్ నెల్సన్ అన్నండేల్ కలిశారు. కలకత్తా ఆంగ్లో-ఇండియన్ల శరీర కొలతలు తన దగ్గర ఉన్నాయి, విశ్లేషిస్తారా అని అడిగారు. అలా ఒక ఫిజిక్స్ లెక్చరర్ చేతికి మానవ శాస్త్రం ప్రశ్న వచ్చింది. రెండు జనసమూహాలు ఒకదానికొకటి ఎంత దగ్గర, ఎంత దూరం అన్నది ఎలా కొలవాలి? దానికి ఆయన చెప్పిన జవాబు 1936 నాటికి తుదిరూపం తీసుకుంది. అదే 'మహలనోబిస్ దూరం'. ఈ రోజు మెషిన్ లెర్నింగ్ చదివే ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ పేరు పరిచయమే. అది తల కొలతల నుంచి పుట్టిందని మాత్రం ఆ క్లాసులో ఎవరూ చెప్పరు.

1926లో ఒడిశాలో బ్రాహ్మణి నదికి వరద వచ్చింది. నదీగర్భం పైకి లేచింది కాబట్టి కరకట్టల ఎత్తు పెంచాలని ఇంజనీర్ల కమిటీ భావించింది. మహలనోబిస్ సుమారు అరవై ఏళ్ల లెక్కలు తీసి చూశారు. నదీగర్భం లేచిన దాఖలాలు లేవు. కరకట్ట పెంచడం కన్నా ఎగువన నీటిని అదుపు చేయడం మేలని సూచించారు. నది గురించి ఇంజనీరుకు తెలుసు, అరవై ఏళ్ల అంకెలను ఎలా చదవాలో ఆయనకు తెలుసు. ఆ రెండూ ఒకే క్లాసులో ఉండి ఉంటే?

1931లో భారత గణాంక సంస్థ, అంటే ఐఎస్ఐ, ప్రెసిడెన్సీ కాలేజీ ఫిజిక్స్ విభాగంలోని గదుల్లోనే మొదలైంది. ఇక్కడే మన తెలుగువాడు కథలోకి వస్తాడు.

కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920లో హువ్విన హడగలిలో పుట్టారు. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, ఇప్పుడు కర్ణాటకలో ఉంది. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే పూర్తిచేశారు. యుద్ధకాలం. సైన్యానికి సంబంధించిన సర్వే ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లారు. ఉద్యోగం రాలేదు. బస చేసిన హోటల్లో గణాంక శాస్త్రంలో శిక్షణకు వచ్చిన ఒకాయన పరిచయమై, ఐఎస్ఐ గురించి చెప్పారు. 1941 మొదట్లో రావు అక్కడ చేరారు. అదే ఏడాది కలకత్తా విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్రంలో పీజీ కోర్సు మొదలైంది. 1943లో బయటికి వచ్చిన తొలి బ్యాచ్‌లో ఆయన ఒకరు. 1945లో వెలువడిన ఆయన పరిశోధనా పత్రం నుంచే 'క్రామర్-రావు' సూత్రం వచ్చింది.

ఆ తర్వాత కేంబ్రిడ్జ్ మ్యూజియం నుంచి కబురు వచ్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాలను మహలనోబిస్ పద్ధతిలో విశ్లేషించాలి. 1946లో రావు వెళ్లారు. పగలు మ్యూజియంలో ఎముకల లెక్క, దాంతోపాటే ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పరిశోధన, 1948లో డాక్టరేట్. పురావస్తు శాస్త్రం ప్రశ్న అడిగింది, గణితం జవాబు వెతికింది. ఆ వెతుకులాట గణితాన్ని కూడా ముందుకు నడిపింది.

ఆయన 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఆయన పేరుతో ఒక సంస్థ ఉంది. గర్వపడదాం. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ ఉద్యోగం వచ్చి ఉంటే? ఆ హోటల్లో కాక మరో హోటల్లో దిగి ఉంటే? గణితం బాగా వచ్చిన కుర్రాడికి 'నీ గణితానికి ఇలాంటి దారులు కూడా ఉన్నాయి' అని చెప్పాల్సింది హోటల్లో కలిసిన మనిషా, విశ్వవిద్యాలయమా?

4. నాణెం బరువు, పంచాంగం తేదీ

ఇంకో రెండు ఉదాహరణలు క్లుప్తంగా చూద్దాం. హిస్టరీ ఆప్షనల్ వాళ్లకు డి.డి. కోశాంబి మార్క్సిస్టు చరిత్రకారుడు. నిజానికి ఆయన వృత్తి గణితం, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రొఫెసర్. నాణెం చేతులు మారేకొద్దీ అరుగుతుంది, బరువు తగ్గుతుంది. కాబట్టి ఒక నిధిలోని పంచ్‌మార్క్‌డ్ నాణేల బరువుల సరళిని బట్టి అవి ఎంతకాలం చెలామణిలో ఉన్నాయో అంచనా వేయవచ్చన్నది ఆయన వాదన. దాన్ని పరీక్షించడానికి తన కాలపు మామూలు నాణేలను కూడా తూచారు. రాజుల పేర్లు లేని నాణేల నుంచి కాలక్రమాన్ని రాబట్టే ప్రయత్నం అది.

రెండోది మేఘనాద్ సాహా. ఆస్ట్రోఫిజిక్స్‌లో పేరున్న సాహా 1952లో క్యాలెండర్ సంస్కరణ కమిటీకి అధ్యక్షుడయ్యారు. మనం మకర సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలం అంటాం. ఆ పండగ జనవరి 14 ప్రాంతంలో వస్తుంది. కానీ సూర్యుడు ఉత్తరం వైపు తిరిగేది డిసెంబర్ 22 ప్రాంతంలోనే. పద్నాలుగు వందల ఏళ్లలో పేరుకున్న ఈ ఇరవై మూడు రోజుల తేడాను అర్థం చేసుకోవాలంటే ఖగోళ శాస్త్రం కావాలి. సిద్ధాంత గ్రంథాల చరిత్ర కావాలి. ప్రాంతానికో పంచాంగం ఎందుకుందో తెలియాలి. జనం నమ్మకాలను గౌరవించడమూ తెలియాలి. ఆ కమిటీ సిఫార్సుతోనే 1957 మార్చి 22న శక సంవత్సరం ఆధారంగా జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. ప్రిలిమ్స్‌లో ఇది ఒక మార్కు ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి ఒక సెమిస్టర్ పాఠం.

5. నాణేనికి రెండో వైపు: రిస్లీ

ఇప్పటిదాకా చదివితే హద్దు దాటడమంటే ఎప్పుడూ మంచే అనిపించవచ్చు. కాదు. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెచ్.హెచ్. రిస్లీ కూడా కొలతలను సమాజ శాస్త్రంలోకి తెచ్చారు. ముక్కు వెడల్పు, పొడవుల నిష్పత్తిని బట్టి కులాల సామాజిక స్థాయి చెప్పవచ్చన్నారు. అంకెలున్నాయి, పట్టికలున్నాయి, అధికారం ఉంది. లేనిదల్లా 'ఈ కొలత ఎందుకు? ఎవరి కోసం?' అని అడిగే గొంతు.

అందుకే ఇతర సబ్జెక్టుల పరికరాలు అరువు తెచ్చుకుంటే సరిపోదు. ఆ సబ్జెక్టు అనుమానాలను కూడా నేర్చుకోవాలి. గణితం చరిత్రను 'ఆధారం ఏది?' అని నిలదీయాలి. చరిత్ర గణితాన్ని 'ఈ అంకె ఎవరు, ఎందుకు సేకరించారు?' అని నిలదీయాలి. రేపు మీరు కలెక్టర్ కుర్చీలో కూర్చుంటే మీ ముందుకు వచ్చే ప్రతి సర్వే రిపోర్టు మీద ఈ రెండు ప్రశ్నలూ వేయాల్సిందే.

6. డెబ్బై ఏళ్లుగా ఒకే సలహా

1948-49 రాధాకృష్ణన్ కమిషన్ 'జనరల్ ఎడ్యుకేషన్' కావాలంది: సైన్స్ వాళ్లకు మానవీయ శాస్త్రాలు, ఆర్ట్స్ వాళ్లకు సైన్స్. ఆ కమిషన్‌లో మేఘనాద్ సాహా సభ్యుడు. 1964-66 విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించిన డి.ఎస్. కొఠారి భౌతిక శాస్త్రవేత్త, సాహా శిష్యుడు. మనకు ఆయనతో ఇంకో బంధం ఉంది. 1979 నుంచి మనం రాస్తున్న ప్రిలిమ్స్-మెయిన్స్ పద్ధతి కూడా ఆయన కమిటీ సిఫార్సే. 2009లో యశ్‌పాల్ కమిటీ జ్ఞానాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో సంస్థ పెట్టడాన్ని తప్పుబట్టింది. 2040 నాటికి ఉన్నత విద్యాసంస్థలన్నీ బహుళ శాఖల సంస్థలుగా మారాలని జాతీయ విద్యా విధానం 2020 లక్ష్యం పెట్టింది.

సలహా మారలేదంటే అమలు జరగలేదనే అర్థం. కారణాలు మూడు చెప్పుకోవచ్చు. అనుబంధ కాలేజీల వ్యవస్థ, అందులో పరీక్షదే పైచేయి. సబ్జెక్టు వారీగా జరిగే అధ్యాపక నియామకాలు, అక్కడ రెండు రంగాలు తెలిసిన అభ్యర్థి రెండింటికీ పరాయివాడే. మూడోది విశ్వవిద్యాలయం కన్నా ముందే పడే గోడ. మన రెండు రాష్ట్రాల్లో పదో తరగతి అయిన పిల్లలు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ అని విడిపోతారు. నాలాంటి ఎంపీసీ, ఆపై ఇంజనీరింగ్ వాళ్లు పదో తరగతి తర్వాత చరిత్ర పుస్తకం మళ్లీ పట్టుకునేది సివిల్స్ కోచింగ్‌లోనే. హెచ్ఈసీ వాళ్లు గణాంకాల జోలికి వచ్చేది సీశాట్ భయంతోనే.

7. అభ్యంతరాలు, ఒక చెరువు

"అన్నీ కొంచెం కొంచెం నేర్పితే ఏదీ లోతుగా రాదు కదా?" ఇది న్యాయమైన ప్రశ్న. పైన చూసిన ప్రతి ఒక్కరికీ ఒక రంగంలో గట్టి పట్టు ఉంది. ఆ పట్టుతోనే పక్క రంగంలోకి వెళ్లారు. కాబట్టి ఒక సబ్జెక్టులో లోతు, మరొక సబ్జెక్టుతో కలిసి పనిచేసే అలవాటు, రెండూ కావాలి.

"ఉన్న సబ్జెక్టులకే లెక్చరర్లు లేని మండల స్థాయి డిగ్రీ కాలేజీలో ఇది ఎలా సాధ్యం?" ఇది ఇంకా బలమైన ప్రశ్న. ఖాళీలు నింపకుండా ఎలెక్టివ్‌ల జాబితా పెంచితే కాగితం మీద ఐచ్ఛికాలే మిగులుతాయి. అందుకే జాబితా కన్నా ఒక ఉమ్మడి సమస్య దగ్గర మొదలుపెట్టడం మంచిది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు తీసుకోండి. 1369లో విజయనగర రాకుమారుడు భాస్కరుడు కట్టించాడు. అక్కడి సంస్కృత శాసనం ప్రకారం 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు కావాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించాడు. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలన్నది అంగాల్లో ఒకటి. గట్టు నుంచి నీరు ఊరడం, చవిటి నేల, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం దోషాలు. ఇంకో దోషం వింటే మీకు కృష్ణా జలాల వివాదం గుర్తొస్తుంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

ఈ ఒక్క శాసనం చుట్టూ సివిల్ ఇంజనీరింగ్, చరిత్ర, సంస్కృతం, ఆర్థిక శాస్త్రం, రాజనీతి శాస్త్రం విద్యార్థులను కూర్చోబెట్టవచ్చు. గట్టు ఎందుకు కారుతుందో ఇంజనీరింగ్ విద్యార్థి చెబుతాడు. ఆ మాటకు శాసనంలో అర్థం ఏమిటో సంస్కృతం విద్యార్థి చెబుతుంది. సరిహద్దు చెరువు ఎందుకు దోషమో పొలిటికల్ సైన్స్ విద్యార్థి చెబుతాడు. దీనికి కోట్ల రూపాయల ల్యాబ్ అక్కర్లేదు. ప్రతి జిల్లాలో ఒక చెరువో, కోటో, సంతో, శాసనమో ఉంటుంది. కావాల్సింది వారానికి రెండు గంటలు, ఇద్దరు వేర్వేరు సబ్జెక్టుల అధ్యాపకులు, ఆ పనికి మార్కులు వేసే ధైర్యం.

మన ప్రిపరేషన్‌కి ఇందులో ఏముంది?

జీఎస్ నాలుగు పేపర్లు చదువుతున్నాం కాబట్టి మనం అన్నీ తెలిసినవాళ్లం అనుకోవడం తేలిక. ఒక్కో పేపరుకు ఒక్కో నోట్‌బుక్ పెట్టి, ఒకదానిలోది మరోదానిలోకి రానివ్వకపోతే 1857 నాటి గోడనే మన టేబుల్ మీద మళ్లీ కట్టుకుంటున్నట్టు. ఈ వారం ఒక పని చేయండి. మీ జీఎస్-1 నోట్సులోంచి ఒక అంశం తీసుకుని, దాని మీద మిగతా మూడు పేపర్లు అడిగే ప్రశ్న ఒక్కొక్కటి రాయండి.

గుర్తుంచుకోవాల్సినవి:

- 1837 ప్రిన్సెప్, బ్రాహ్మి లిపి. 1915 మస్కి శాసనం, కనుగొన్నది గనుల ఇంజనీర్.
- 1857 విశ్వవిద్యాలయాలు మొదట్లో పరీక్షా సంస్థలు. 1904 చట్టం తర్వాత బోధనకు ఊపు.
- 1931 ఐఎస్ఐ. 1936 మహలనోబిస్ దూరం. 1945 క్రామర్-రావు సూత్రం.
- 1957 జాతీయ క్యాలెండర్, సాహా కమిటీ.
- రాధాకృష్ణన్ (1948-49), కొఠారి (1964-66), యశ్‌పాల్ (2009), జాతీయ విద్యా విధానం (2020).
- వ్యతిరేక ఉదాహరణ: రిస్లీ, 1901 జనాభా లెక్కలు.

సాధన ప్రశ్న: "విశ్వవిద్యాలయం ఇవ్వాల్సింది జవాబులున్న సబ్జెక్టులనా, సబ్జెక్టుల్లో ఇమడని ప్రశ్నలనా?" 1000-1200 పదాల్లో రాయండి. నలందతో మొదలుపెట్టకుండా రాసి చూడండి.